వెళ్ళేటప్పటి ఎడమ

ఆయన పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను తెనాలిలో, మా అమ్మ వాళ్ళింట్లో, పాపకి పెరుగన్నం తినిపిస్తున్నాను. ఫోన్ చేసింది మా ఆయన.

"వంతెన మీంచి ఎలా తీసుకెళ్తారు?" అని అడిగాను.

నాకు మొదట వచ్చిన ఆలోచన అదే. అయ్యో అనిపించలేదు. ఇంట్లో అందరూ పడుకున్నాక కూర్చుని ఇది రాస్తుంటే ఇప్పుడూ అనిపించడం లేదు. కానీ ఆయన గుర్తుకు రాకుండా ఒక్క రోజు గడవడం లేదు. నచ్చని మనిషి ఇంత వివరంగా ఎందుకు గుర్తుంటాడో తెలియదు. మా నాన్న చొక్కాలు ఏ రంగువని అడిగితే తడుముకుంటాను. ఈయన పంచె అంచు మాత్రం ఎక్కడ చిరిగి, ఏ రంగు దారంతో కుట్టించారో కూడా చెప్పగలను.

ఆయన మా మావగారికి అన్నగారు. నేను పెదమావయ్యగారూ అని పిలిచేదాన్ని.

మా అత్తవారి ఊరు రేపల్లెకి దగ్గర. రోడ్డు పక్కనే పంటకాలువ, కాలువ దాటితే ఇళ్ళు. పెద్ద కాలువేం కాదు. వేసవిలో నీళ్ళు కట్టేశాక మేకలు దిగి అడుగున గడ్డి మేస్తాయి. నీళ్ళు వదిలాక మాత్రం పెద్దవాళ్ళకి ఛాతీ దాకా వస్తుంది. ఇంట్లోంచి రోడ్డెక్కాలంటే ఎవరి వంతెన వాళ్ళకి ఉండాలి. ఎగువన రైసుమిల్లు వంతెన ఉంది, లారీలు పోయేంత వెడల్పు. దిగువన తాటిదుంగల వంతెన, దాని వెనక తాపీపనికీ కూలిపనికీ వెళ్ళేవాళ్ళ ఇళ్ళు. మధ్యలో మాది.

పెదమావయ్యగారు మనుషుల్ని వంతెనలతోనే గుర్తుపెట్టుకునేవారు. కొత్త ముఖం కనపడితే ఊరు అడగరు, ఇంటిపేరు అడగరు. "ఏ వంతెన?" అంటారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నన్నూ అదే అడిగారు.

"మాది తెనాలండి" అన్నాను.

"ఊరు కాదమ్మాయ్. మీ ఇంటికి ఏ వంతెన మీంచి పోవాలి?"

"వంతెన లేదండి. వీధిలోంచి నేరుగా గుమ్మమే."

ఆయన మా మావగారి వంక తిరిగి, "వంతెన లేని సంబంధం చేసుకొచ్చావేంట్రా?" అన్నారు.

అంతే. ఆ రోజు నుంచీ నేను వంతెన లేని పిల్లని. ఎం.ఎస్సీ. చదివానని తెలిశాక కూడా, నాకో పాప పుట్టాక కూడా. "ఏంటి, వంతెన లేని పిల్ల ఇవాళ పెందలాడే లేచిందే!" తెనాలి ఊరి మధ్యలోంచి కాలువలు పోతాయనీ, వాటి మీద బస్సులు తిరిగే వంతెనలున్నాయనీ ఒకసారి చెప్పి చూశాను. "అవి మునిసిపాలిటీవి. వాటిల్లో నీదెంత?" అన్నారు. దుంగల వంతెన వాళ్ళ గురించీ ఆయన దగ్గర ఒక మాట ఉండేది. వాళ్ళు ప్రతి వేసవిలో నీళ్ళు లేనప్పుడు అందరూ కలిసి పుచ్చిన దుంగలు తీసేసి కొత్తవి వేసుకుంటారు. అది చూస్తూ గట్టు మీద నిలబడి, "వాళ్ళకేం, పంచుకోడానికి ఏవుంది గనక, మోసుకోడం తప్ప" అనేవారు.

ఆయనకు పంచుకోవడానికి ఉన్నదేమిటో చెప్పాలి.

మా వంతెన అంటే రెండు సిమెంటు పలకలు, పక్కపక్కన, మధ్యలో నాలుగు వేళ్ళు దూరే సందు. మా ఆయన తాతగారు వేయించారు. ఆయన పోయాక అన్నదమ్ములిద్దరూ పొలం పంచుకున్నారు, ఇల్లు మధ్యలో గోడ పెట్టి పంచుకున్నారు, వంతెననీ పంచుకున్నారు. చెరో పలక. పొలానికైతే తూర్పు వాటా, పడమటి వాటా అంటారు. మా వంతెన కాలువ మలుపులో మూలగా ఉంటుంది. దానికి తూర్పూ పడమరా సరిగ్గా కుదరవు. అందుకని పంపకానికి వచ్చిన పెద్దమనిషి "ఎడమది పెద్దోడికి, కుడిది చిన్నోడికి" అని తేల్చేసి, మజ్జిగ తాగి, వెళ్ళిపోయాడట. ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు ఎడమా, ఇంటికి వచ్చేటప్పుడు ఎడమా అన్నది ఆయన చెప్పలేదు. వీళ్ళు అడగలేదు. రెండూ ఒకేలా ఉన్న పలకలు, అడగవలసిన పని పడలేదు.

తర్వాత ఒక తుఫానుకి గట్టు మీది తాడిచెట్టు వచ్చి ఒక పలక మీద పడింది. పలక నడుమ పగిలి, కాలు దిగేంత కన్నం పడి, లోపలి ఇనుప చువ్వలు బయటికొచ్చాయి. ఆ చెట్టు మొద్దు ఇంకా పక్కకి లాగకముందే పేచీ మొదలైందని మా అత్తయ్య చెప్పింది. ఎడమంటే వెళ్ళేటప్పటి ఎడమ అని పెదమావయ్యగారు. అలా చూస్తే మంచి పలక ఆయనది, విరిగింది మాది. ఎడమంటే వచ్చేటప్పటి ఎడమ అని మా మావగారు. అలా చూస్తే మంచిది మాది, విరిగింది ఆయనది. విరిగినదాన్ని ఎవరు బాగు చేయిస్తే అది తమదని వాళ్ళు ఒప్పుకున్నట్టే. కాబట్టి ఎవరూ చేయించలేదు. దాని మీద కాలు కూడా పెట్టరు, పెడితే సాక్ష్యం. వేరే వంతెన కట్టుకుందామంటే మంచి పలకని వదులుకున్నట్టు. నేను వచ్చేటప్పటికి రెండు ఇళ్ళ మనుషులూ ఒక్క పలక మీదే తిరుగుతున్నారు. ఆ రెండోదాని కన్నంలోంచి గడ్డి మొలిచి గాలికి ఊగుతోంది.

పొద్దున్నే పెదమావయ్యగారు పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, బకెట్టూ కొబ్బరి చీపురూ పట్టుకుని వచ్చేవారు. కాలువ నీళ్ళు తోడి మంచి పలక కడిగేవారు. మట్టి, ఆకులు, మేక పెంటికలు, అన్నిటినీ చీపురుతో విరిగిన పలక మీదికి నెట్టేవారు. నెట్టి, మా వరండా వంక చూసి, గొంతు సవరించుకునేవారు. ఆ దగ్గు కోసమే కడుగుతున్నారా అనిపించేది. దానికి జవాబుగా మా మావగారు స్నానం చేసి తడి తువ్వాలు తెచ్చి మంచి పలక కమ్మీ మీద ఆరేసేవారు. ఆ కమ్మీ పెదమావయ్యగారు రేపల్లె నుంచి పైపులు తెప్పించి ఒక పక్కగా పెట్టించింది. దానికి ఏటా నీలం రంగు స్వయంగా వేసేవారు. మావగారు అటు తిరగ్గానే తువ్వాలు కాలువలో పడేది. తేలుతూ పోయి దుంగల వంతెన దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకునేది. అక్కడివాళ్ళు ఎవరో పిండి తెచ్చి ఇచ్చేవాళ్ళు. మా అత్తయ్య ఆ తువ్వాళ్ళని వేడినీళ్ళలో ఉడకబెడుతూ ఇద్దరినీ కలిపి తిట్టేది.

దారిన పోయేవాళ్ళని సాక్ష్యానికి పట్టుకోవడం ఇంకో అలవాటు. పాలు పోసి తిరిగి వెళ్తున్న మనిషిని పెదమావయ్యగారు వంతెన మొదట్లో ఆపి, ముఖం రోడ్డు వైపు ఉండేలా నిలబెట్టి, "ఏదీ, నీ ఎడం చెయ్యి ఎత్తు" అనేవారు. అతను ఎత్తగానే, ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని మంచి పలక వైపు చూపించి, "అదీ!" అనేవారు. మర్నాడు అదే మనిషి వస్తుంటే మా మావగారు రోడ్డు చివర ఆపి, ఇంటి వైపు నిలబెట్టి, చెయ్యి ఎత్తించేవారు. చీరాల నుంచి బండి మీద చీరల మూటలు వేసుకొచ్చే ఆయన ఒకసారి అన్నదమ్ములిద్దరూ చెరో చివరా నిలబడి ఉండటం చూసి, ఎవరూ ఏమీ అడగకముందే రెండు చేతులూ ఎత్తేశాడు.

"చీరలు కొనకపోయినా పర్లేదు బాబాయ్, నన్నొదిలేయండి."

నాకు నవ్వాగలేదు. పెదమావయ్యగారు నవ్వలేదు. "రెండు చేతులెత్తేవాడు ఏ వంతెనకీ పనికిరాడు" అన్నారు.

కొత్తలో నేను చదువుకున్నదాన్ని కదా అని సర్దిచెప్పబోయాను. పెనుమూడి వారధి మీద వెళ్ళే బస్సుకి ఒక ఎడమ, వచ్చే బస్సుకి ఇంకో ఎడమ ఉంటాయి కదండీ, అలాగే ఇక్కడ కూడా రెండు మాటలూ నిజమే అయ్యుండొచ్చు కదా అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "అది గవర్నమెంటుది. ఇది మా నాన్నది" అన్నారు. మళ్ళీ తనే, "మా నాన్న ఇంట్లోంచి వెళ్తూ చూసేవాడు. వస్తూ చూసేవాడు కాదు" అన్నారు.

పాప నడక నేర్చాక నాకు ఈ మాటలు సరదాగా ఉండటం మానేశాయి.

ఏ పని చేస్తున్నా ఒక చెవి కాలువ వైపే ఉండేది. కుక్కర్ విజిల్ వేస్తుంటే కట్టేసి వినేదాన్ని. గేటుకి గొళ్ళెం చాలదని తాడు కూడా చుట్టేదాన్ని. పాప కాళ్ళకి, ఎక్కడుందో తెలియాలని, బోలెడు మువ్వలున్న పట్టీలు కొని పెట్టాను. నిద్రలో కాలు కదిపినా మోగేవి. "గొడ్డుకి కట్టినట్టు అన్ని మువ్వలేంటమ్మాయ్? మధ్యాహ్నం కునుకు పట్టనివ్వట్లేదు" అన్నారు పెదమావయ్యగారు గోడ అవతల్నుంచి.

"ఆ పలక బాగు చేయిస్తే తీసేస్తానండి."

"మీ పలక. చేయించుకోండి. నేనేమైనా వద్దన్నానా?"

బాపట్లలో ఉద్యోగం చేసి రాత్రికి ఇల్లు చేరే మా ఆయనతో చెబితే, "నాన్న ఉండగా నేనెలా?" అనేవాడు. మావగారితో చెబితే, "వాడి పలకకి మనం సిమెంటు పోయడమేంటమ్మా?" అనేవారు. పోనీ తాత్కాలికంగా చెక్కలైనా వేస్తానని ఒకరోజు పాత మంచం చెక్కలు రెండు ఈడ్చుకుంటూ వెళ్ళాను. కన్నానికి అడ్డంగా వేస్తే వాటి కొసలు మంచి పలక మీద కూడా ఆనుతాయి. ఇద్దరూ రెండు వరండాల్లోంచి ఒకేసారి లేచారు. వాళ్ళిద్దరూ ఒకే మాట అనడం నేను విన్నది ఆ ఒక్కసారే. "వేయకు!"

పాపకి మాత్రం ఆయనంటే ఇష్టం. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆయన దాన్ని ముద్దు చేసింది లేదు, ఏమైనా కొనిపెట్టింది లేదు. ఒక సాయంత్రం మువ్వల చప్పుడు వెతుక్కుంటూ వెళ్తే, తన అరుగు మీద రోడ్డు వైపు తిప్పి నిలబెట్టుకుని పాఠం చెబుతున్నారు.

"ఎడం చెయ్యేది?"

పాప ఎత్తింది.

"ఎడం పక్కది?"

"మంచి పలక!"

"కుడి పక్కది?"

"చెడ్డ పలక!"

"మరి పాప ఏ పక్క నడవాలి?"

"ఎడమ!"

"చూశావా అమ్మాయ్" అన్నారు నాతో. "మూడేళ్ళ పిల్లకి తెలిసింది. మీ మావకి తెలియలేదు."

దాన్ని కూడా సాక్షిని చేసుకుంటున్నారని ఒళ్ళు మండింది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశాను. కానీ నిజం చెప్పాలంటే ఒక పక్క నాకు ధైర్యం కూడా అనిపించింది. పోన్లే, కమ్మీ ఉన్న పక్కే నడవాలని నేర్చుకుంది కదా అనుకున్నాను. పాప ఆ పాఠాన్ని రోజంతా పాడుకునేది, "ఎడమ మంచిదీ, కుడి చెడ్డదీ" అని.

కాలువ నిండుగా పారుతున్న రోజులు. పాపని తీసుకుని రేపల్లె వెళ్ళి, సంచులతో ఆటోలో తిరిగొచ్చాను. పెదమావయ్యగారు మంచి పలక మీద కూర్చుని కమ్మీకి నీలం రంగు వేస్తున్నారు. నేను సీటు వెనక ఇరుక్కున్న సంచీ లాగుతుంటే పాప దిగి ముందుకు పరిగెత్తింది.

"కమ్మీ ముట్టుకోకు, రంగు పచ్చిగా ఉంది!" అని ఆయన కేక.

"నేను ఎడం పక్కే వెళ్తా పెదతాతా!"

తలెత్తి చూసేసరికి పాప ఎడం చెయ్యి పైకెత్తి పట్టుకుని, ఆయన నేర్పినట్టే, ఎడం పక్కకి నడుస్తోంది. ఇంటికి వచ్చేటప్పటి ఎడమ. మువ్వలు నాలుగు సార్లో ఐదు సార్లో మోగి ఆగిపోయాయి.

తొడ దాకా దిగిపోయింది కన్నంలోకి. ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఇక్కడ జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆయన పాపకి చేతికందేంత దూరంలో ఉన్నారు. ఒక్క కాలు అటు వేసి ఉంటే చంకల కింద చేతులు పెట్టి ఎత్తేయవచ్చు. వేయలేదు. కుంచె పడేసి, కమ్మీ కింద నుంచి దూరి, ఆ వయసులో, పంచెతో సహా కాలువలోకి దిగిపోయారు. గుర్రపుడెక్క తోసుకుంటూ మంచి పలక కింద నుంచి అవతలికి వెళ్ళి, విరిగిన పలక కింద నిలబడ్డారు. అప్పటికి నేను సంచులు రోడ్డు మీదే వదిలేసి ఆ పలక మీద మోకాళ్ళ మీద కూర్చుని పాపని పట్టుకుని లాగుతున్నాను.

"లాగకే! చువ్వ గుచ్చుకుంటుంది. ఆగు" అని కింద నుంచి ఆయన గొంతు. పాప పాదం పట్టుకుని మెల్లగా తిప్పి, మోకాలు వంచి, పైకి తోశారు. పాప నా ఒళ్ళోకి వచ్చింది. అప్పుడు ఏడ్చింది.

ఆ కన్నంలోంచి ఆయన ముఖం కనపడుతోంది. ఛాతీ దాకా నీళ్ళు, భుజం మీద గుర్రపుడెక్క, గడ్డానికి నీలం రంగు. ఒగరుస్తున్నారు. పిల్లకెలా ఉందని అడుగుతారనుకున్నాను.

"చూశావుగా అమ్మాయ్" అన్నారు. "నేను తొక్కలేదు. నువ్వు తొక్కావు."

రేపల్లెలో డాక్టరు గారు తొడ మీద కుట్లు వేసి, సూది పొడిచి, గట్టిగా లాగి ఉంటే కండ చీరుకుపోయేదన్నారు. అంటే పాప కాలు నిలబడటం ఆయన వల్లే. అది నిజం, రాశాను. ఆ కాలు అక్కడికి వెళ్ళింది ఎవరి చదువు వల్ల అన్నది కూడా రాస్తున్నాను. చీలమండ చుట్టూ ఆయన వేళ్ళు అచ్చుపడ్డాయి, నీలంగా. కిరసనాయిలుతో రుద్దినా, కొబ్బరినూనెతో రుద్దినా వదల్లేదు. పుండు మానాక కూడా ఆ వేళ్ళు అలాగే ఉన్నాయి. స్నానం చేయించే ప్రతిసారీ కనపడేవి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి మా మావగారు వరండాలో ఎదురుచూస్తున్నారు. పాప తల నిమిరారు. కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత నెమ్మదిగా అడిగారు, "పలక మీద ఎక్కడిదాకా వెళ్ళావమ్మా? రెండు కాళ్ళూ పెట్టావా?"

"పిల్ల దక్కింది, చాల్లెండి సంబడం!" అని మా అత్తయ్య అరిచింది.

మర్నాడు తెనాలి వెళ్ళిపోయాను. ఆ పలక బాగయ్యేదాకా పాపని ఆ వంతెన ఎక్కించనని మా ఆయనతో చెప్పాను. బాపట్లలో గది చూస్తానన్నాడు, చూడలేదు. కొన్నాళ్ళకి పెదమావయ్యగారు అతనితో కబురు పంపారు. "రమ్మనరా. నా పలక మీద నడవమను. నేనేమీ అనుకోను." అది విని మా మావగారు నాకు స్వయంగా ఫోన్ చేశారు. "వాడి పర్మిషన్ మీద మన పలక మీద నడుస్తావా? అలాగైతే నువ్వు రానక్కర్లేదమ్మా." ఫోన్ పెట్టేశాక నేను నవ్వాను. మా అమ్మ ఏంటే అంది. నవ్వు ఏడుపులోకి తిరిగింది. ఒక ముసలాయన రమ్మన్నందుకు నేను నా ఇంటికి వెళ్ళలేని మనిషినయ్యాను. ఆయన అది తెలిసే పంపారు. నాకేం అనుమానం లేదు.

వరికోతలు మొదలయ్యేదాకా అలాగే గడిచింది. ఒకరోజు నిద్రలోనే పోయారు.

పాపని అమ్మ దగ్గర వదిలి పొద్దుటి రైలుకి రేపల్లె వెళ్ళాను. ఆటో దిగి మంచి పలక మీద నడుస్తుంటే ఎవరూ గొంతు సవరించుకోలేదు. పలక మీద ఆకులు పడి ఉన్నాయి.

పాడె లేపి వంతెన దాకా తెచ్చాక ఆగింది. నేను ఫోన్‌లో అడిగిన ప్రశ్నే, అక్కడ ఎవరికీ అప్పటిదాకా తట్టలేదు. పాడెకి రెండు పక్కలా మనుషులుండాలి. ఎడం పక్కవాళ్ళు మంచి పలక మీద నడుస్తారు. కుడి పక్కవాళ్ళు?

ఎడం పక్క బొంగు దగ్గర తోసుకుంటున్నారు. కుడి పక్క ఎవరూ లేరు.

"ఇటు పట్టండయ్యా, ఎవరూ రారేంటి?" అన్నాడు ముందు నిప్పుకుండ దగ్గరున్న పెద్దాయన.

"ఆ పలక మావాళ్ళు తొక్కకూడదండి. మావయ్యగారు ఒప్పుకోరు" అన్నాడు పెదమావయ్యగారి అల్లుడు.

"మావాళ్ళు అసలే తొక్కకూడదు" అన్నారు మా మావగారు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి మాత్రం ఎడం పక్క బొంగు మీద నుంచి తీయలేదు.

మా ఆయన మావగారి వెనకే నిలబడ్డాడు. ఎడం పక్కే. నా వంక చూడలేదు.

"పోనీ మిల్లు వంతెన మీంచి తిప్పుదాం" అని ఎవరో అన్నారు. అరుగు మీద స్తంభాన్ని పట్టుకుని ఏడుస్తున్న పెదత్తయ్య ఏడుపు ఆపేసింది. "ఆయనకి సొంత పలకుండగా ఊరోళ్ళ వంతెన మీంచి పంపిస్తార్రా? నేనూరుకోను."

ఎండ ఎక్కుతోంది. ఆయన పడుకుని ఉన్నారు, తన పంచాయితీ మధ్యలో. బతికుండగా ఇంతమంది సాక్షుల్ని ఒకచోట ఆయన ఎప్పుడూ నిలబెట్టలేదు.

చివరికి రోడ్డు మీద నిలబడి చూస్తున్నవాళ్ళలోంచి దుంగల వంతెన దగ్గరుండే తాపీమేస్త్రి, ఇంకొకతను మంచి పలక మీంచి ఇవతలికి వచ్చారు. "మేం పట్టుకుంటామండి. మాకే పేచీ లేదు" అన్నాడు మేస్త్రి. తలగుడ్డ తీసి భుజం మీద మడిచి పెట్టుకుని కుడి పక్క బొంగు కింద భుజం పెట్టాడు. వాళ్ళిద్దరూ విరిగిన పలక మీద, కన్నం దాటి, నడిచారు. పలక కిర్రుమంది. ఒక ముక్క ఊడి నీళ్ళలో పడిన చప్పుడు ఏడుపుల మధ్య కూడా అందరికీ వినపడింది. ఎవరూ కిందికి చూడలేదు.

కర్మ అయిన తర్వాత అందరూ భోంచేసి వెళ్ళారు. నేను మావగారిని అడిగాను, ఇప్పుడైనా బాగు చేయిద్దామని.

"ఇప్పుడు చేయిస్తే వాడు నెగ్గినట్టే కదమ్మా. బతికుండగా నెగ్గనివ్వలేదు, పోయాక నెగ్గిస్తామా?"

పెదత్తయ్యని అడిగాను. "ఆయన చేయించనన్నది నేనెలా చేయిస్తానే?" అంది.

అప్పటిదాకా నేను, ఇద్దరిలో ఒకరు పోతే ఇది తీరిపోతుందనుకుంటూ ఉన్నాను. ఆ మాట బయటికి అనలేదు గాని లోపల అనుకుంటూనే ఉన్నాను. తీరలేదు. ఒప్పించడానికి ఆయన కూడా లేకుండా పోయారు, అంతే తేడా. పాప ఫోన్‌లో "అమ్మా, నేను మన ఇంటికి ఎప్పుడు రావాలి?" అంటోంది.

మర్నాడు నేనే మంచి పలక మీంచి రోడ్డెక్కి, దుంగల వంతెన దాటి మేస్త్రిని పిలుచుకొచ్చాను. అతను పలక చుట్టూ తిరిగి, చువ్వలు తట్టి చూసి, లేచి నిలబడ్డాడు. పని మొదలుపెట్టలేదు.

"తీసేసి కొత్తది పోయాలమ్మా. అది పెద్ద పనేం కాదు. ఈ పలక ఎవరిదో చెప్పండి. రేపు పేచీ వస్తే మధ్యలో నేను నలిగిపోతాను."

మా వరండాలో మావగారు పేపరు దించారు. పక్క అరుగు మీద పెదత్తయ్య బియ్యం చేట ఆపింది.

"మాదే" అన్నాను.

"ఎడమది కదమ్మా పెద్దాయనది? మరి..."

"వెళ్ళేటప్పటి ఎడమ" అన్నాను, రెండు ఇళ్ళకీ వినపడేలా. "ఆ కమ్మీ ఉన్నది పెదమావయ్యగారిది. విరిగింది మాది. మా పలక మేం బాగు చేయించుకుంటున్నాం."

మావగారు లేచి తువ్వాలు దులిపి లోపలికి వెళ్ళిపోయారు. ఆయన నాతో మాట్లాడటం అప్పుడే ఆగిపోయింది, ఇంకా మొదలు కాలేదు. మేస్త్రి పలుగు తెచ్చుకోడానికి వెళ్ళాడు. నేను అక్కడే నిలబడి ఉంటే, పెదత్తయ్య అరుగు దిగి వంతెన దాకా వచ్చింది. పెద్ద బొట్టు లేని ముఖం నాకింకా అలవాటు కాలేదు.

"ఆ ఒక్క మాట ఆయనుండగా అనకపోయావా అమ్మాయ్" అంది. "చెవులారా వినేవాడు."

"వింటారనే అనలేదు, పెదత్తయ్యా."

ఆవిడ నా ముఖంలోకి చూసింది, కాలువలోకి చూసింది, వెళ్ళి మళ్ళీ చేట అందుకుంది.

పలక తయారవుతోంది. గట్టిపడేదాకా తడుపుతూ ఉండాలట, పొద్దునా సాయంత్రం కాలువ నీళ్ళు నేనే తోడి పోస్తున్నాను. అటు పక్క కూడా ఒక కమ్మీ పెట్టమన్నాను. రంగేం వేయమంటారమ్మా అని మేస్త్రి అడిగాడు. ఏదైనా వేయమన్నాను, నీలం తప్ప.